ఫోను ఎవరి మాట విన్నది?

"నువ్వే పంపావు. ఒప్పుకో జొలీన్!"

కర్టిస్ అరుపుకి వంటింట్లో ఏదో గిన్నె కిందపడింది. జొలీన్ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఏం పంపాను? ఎవరికి?"

"చదువు. కళ్లున్నాయిగా."

చక్రాల కుర్చీకి బిగించిన స్టాండులో అతని ఫోను వెలుగుతోంది. జొలీన్ వంగి చూసింది. కర్టిస్ నుంచి డ్వేన్‌కి వెళ్లిన మెసేజ్: 'ఒకసారి వచ్చిపోరా తమ్ముడూ.' దాని కింద జవాబు: 'శనివారం వస్తున్నా అన్నయ్యా. చేపలు తెస్తా.'

జొలీన్ ముఖం విప్పారింది. అక్కడే చిక్కొచ్చింది.

"చూశావా, నవ్వుతున్నావు! నీ పనే ఇది."

"సంతోషమేస్తే నవ్వనా? నువ్వే పంపి మర్చిపోయావేమో."

"నేనా? వాడికా?"

గడ్డకట్టిన సరస్సు మీద అన్నని వెనక ఎక్కించుకుని డ్వేన్ మంచుబండి స్నోమొబైల్‌ని బోల్తా కొట్టించిన రోజు నుంచి కర్టిస్‌కి మెడ కింద ఏదీ కదలదు. తమ్ముడి పేరెత్తితే మాత్రం మెడ పైనున్నదంతా కదులుతుంది. ఫోను వాడాలన్నా నోరే దిక్కు. తెరువంటే తెరుచుకుంటుంది, పంపమంటే పంపుతుంది. అయితే చెప్పింది మొగుడా పెళ్లామా అని అది అడగదు. కర్టిస్ అనుమానమంతా అక్కడే.

"నేను బాత్రూమ్‌లో ఉన్నప్పుడు నీ నోటితో చెప్పి పంపావు. లేదా వేలితో నొక్కావు. చర్చి ఆడవాళ్లు నేర్పారా ఈ తెలివి?"

"అంత అనుమానమైతే దాన్ని నిద్రపొమ్మని చెప్పొచ్చుగా? నువ్వు మళ్లీ లేపేదాకా ఎవరి మాటా వినదు."

"చెబుతా. తర్వాత నాకు ఊపిరాడకపోతే, లేవవే తల్లీ అని దాన్ని బతిమాలడానికి గొంతెక్కడిది? అంబులెన్స్‌ని నువ్వు పిలుస్తావా, మంచు ఎత్తిపోస్తూ బయట నిలబడి?"

జొలీన్ ముఖంలో నవ్వు ఆరిపోయింది. "కర్టిస్, నేను పంపలేదు. ఇంకొక్కసారి నన్ను దొంగను చేశావంటే మా అక్క ఇంటికి వెళ్లిపోతా. నీకు స్పూనుతో తినిపించడానికి కౌంటీ ఆఫీసువాళ్లు ఎవర్నో ఒకర్ని పంపుతారు. వాళ్లనీ ఇలాగే అనుమానించు."

ఆ మాటకి కర్టిస్ భయపడ్డాడు. నిజంగానే భయపడ్డాడు. కానీ అనుమానం భయం కంటే మొండిది. ఆమె ఫోనులో ఎవరితోనైనా మెల్లగా మాట్లాడితే చెవులు రిక్కించాడు. ఉత్తరాల డబ్బా దాకా వెళ్లొస్తే ఇంతసేపా అన్నాడు. సూప్ తాగిస్తుంటే ఆమె కళ్లలోకి పోలీసులా చూశాడు.

శుక్రవారం భోజనమయ్యాక వల పన్నాడు. జొలీన్ వంటింట్లోకి వెళ్లగానే గుసగుసగా ఫోనుకి చెప్పాడు: "కెమెరా తెరువు. వీడియో మొదలుపెట్టు." తర్వాత కళ్లు మూసుకుని దొంగ నిద్ర నటించాడు. పొట్టనిండా మాంసం, బంగాళాదుంపల హాట్‌డిష్, పక్కన వెచ్చగా హీటరు. దొంగ నిద్ర కాస్తా అసలు నిద్రయింది.

మెలకువ వచ్చేసరికి ఫోనులో కెమెరా లేదు. డ్వేన్‌కి వెళ్లిన కొత్త మెసేజ్ ఉంది: 'చలి ఎక్కువగా ఉంది. టోపీ చెవుల మీదికి లాక్కుని రా.'

"దొరికావు! జొలీన్, ఇలా రా!"

ఆమె వచ్చి చదివింది. "ఇది అన్నగారు అనే మాటలా ఉంది కర్టిస్."

"అలా ఉండాలనే రాశావు! వీడియో తీయమని పెడితే, కెమెరా మూసేసి మరీ పంపావు. అబద్ధాలకోరుతో నేను కాపురం చెయ్యను. పో, మీ అక్క ఇంటికే పో!"

జొలీన్ లోపలికెళ్లి కోటు తొడుక్కుంది, బూట్లు వేసుకుంది, బ్యాగు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టింది.

"వెళ్తా. కానీ నీ వీడియో చూసే వెళ్తా. నా దొంగతనం నేను కూడా చూడాలిగా. పెట్టు."

"ఫోటోలు తెరువు. వీడియో నడిపించు," అన్నాడు కర్టిస్, గెలిచినవాడి గొంతుతో.

తెర మీద కర్టిస్, నోరు తెరుచుకుని గురకపెడుతున్నాడు. వెనక తలుపులోంచి జొలీన్ తొంగిచూసింది. పిల్లిలా అడుగులో అడుగేసుకుంటూ దగ్గరికొచ్చింది. ఆమె చెయ్యి ముందుకి సాగింది.

"అదిగో! అదిగో!" అన్నాడు కర్టిస్.

ఆ చెయ్యి జారిన దుప్పటిని అతని మెడదాకా లాగింది. వెంట్రుకలు సవరించింది. జొలీన్ పార తీసుకుని బయటికి వెళ్లిపోయింది. కిటికీ అద్దంలోంచి, వాకిట్లో మంచు ఎత్తిపోస్తున్న ఆమె వీపు కనిపిస్తూనే ఉంది.

గదిలో ఇంకెవరూ లేరు. కర్టిస్ తెర మీంచి చూపు తిప్పలేదు. ఎవరో ఒకరు వస్తారు, రావాలి. పక్కింటివాడా? చర్చి ఆడవాళ్లా?

ఎవరూ రాలేదు. గురక మాత్రం ఆగింది. వీడియోలోని కర్టిస్ కళ్లు తెరవకుండానే "తమ్ముడూ..." అని గొణిగి, రోజూ ఫోనుకి చెప్పే గొంతుతోనే విస్పష్టంగా అన్నాడు: "మెసేజెస్ తెరువు."