బెంజమిన్ గారి దీపం

“ఏవండీ మేడంగారూ, తాబేళ్ల కోసం మా ఆయన్ని చీకట్లో ఉంచమంటారా?”

కృపావతి మామ్మ లేచి నిలబడి అలా అడిగేసరికి చర్చి ఆవరణలో అందరూ ఆవిడకేసి తిరిగారు. అమలాపురం నుంచి వచ్చిన అటవీ అధికారి రెబెకా చేతిలో మ్యాపు గాలికి రెపరెపలాడింది. పాపం, అంతవరకూ ఆ పిల్ల ఎంత ముచ్చటగా నెగ్గుకొచ్చిందో! తాబేళ్ల కోసం ఈ తీరాన్ని రక్షిత ప్రాంతం చేద్దామంటే ఊరంతా ఊకొట్టింది. గుడ్లు పెట్టే కాలంలో ఒడ్డు దగ్గర వలలు వెయ్యబోమన్నారు. వీధి దీపాలకు సముద్రం వైపు రేకులు కట్టేస్తామన్నారు. హమ్మయ్య అనుకుని మజ్జిగ గ్లాసు అందుకుంటూండగా ఈస్టరు సంగతి వచ్చిపడింది.

ఈస్టరు నాడు తెల్లవారుజామునే ఆ ఊరి క్రైస్తవులంతా సమాధుల తోటకు వెళతారు. తమవాళ్ల సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగించి, పాటలు పాడతారు. ఆ తోటేమో సముద్రపు ఒడ్డున ఇసుక దిబ్బ మీద ఉంది. తాబేళ్ల గూళ్లేమో సరిగ్గా ఆ దిబ్బ కిందే ఉన్నాయి.

“గుడ్లలోంచి పిల్లలు పైకొచ్చేది ఆ వేళకేనండి మామ్మగారూ,” అంది రెబెకా బతిమాలుతూ. “చీకట్లో సముద్రం ఒక్కటే కాస్త మెరుస్తుంది. అది చూసుకునే నీళ్లలోకి పోతాయి. వెలుగు ఎటుంటే అటే వాటి దారి. ఇటు కొవ్వొత్తులు కనిపించాయంటే దిబ్బెక్కేస్తాయి. కుక్కలూ కాకులూ ఒక్కదాన్ని కూడా మిగల్చవండి.”

“సూర్యుడొచ్చేక వెలిగించుకుందామండి,” అన్నారు శామ్యూల్ పాస్టరుగారు. “ప్రభువు ఏమీ అనుకోడు.”

“ప్రభువు అనుకోడండీ, మా ఆయన అనుకుంటాడు. కాఫీ కాస్త ఆలస్యమైతేనే ఇల్లు పీకి పందిరేసేవాడు, మీకు తెలీదా?”

కొందరు నవ్వారు. రెబెకాకు నవ్వు రాలేదు. దిబ్బను వదిలేసి అటొక ముక్కా ఇటొక ముక్కా రక్షిత ప్రాంతమంటే అది కాగితం మీద ముచ్చటే. గూళ్లన్నీ ఆ దిబ్బ కిందే ఉన్నాయి మరి.

“ఈ ఒక్క ఏడాదీ చూడండి మామ్మగారూ…”

“చూడండమ్మా, ఉన్నన్నాళ్లూ మా ఆయన ఏనాడూ చీకట్లో గుమ్మం ఎక్కలేదు. ఎంత పొద్దుపోయినా లాంతరు పెట్టుకుని కూచునేదాన్ని. ఈస్టరు తెల్లారగట్ట మా ఆయనకి దీపం పెట్టి తీరతాను. మీ జీపు అడ్డం పెట్టుకుంటారో, మీరే అడ్డం పడుకుంటారో, మీ ఇష్టమండి!”

చిత్రమేమిటంటే, ఆవిడకి ఒక్కరూ ఎదురు చెప్పలేదు. అందరూ తలలు దించుకున్నారు. పడవల యజమాని వీరవెంకటరమణైతే కండువాతో కళ్లొత్తుకున్నాడు. రెబెకా మ్యాపు మడిచేసింది.

ఈస్టరు నాడు ఆమె చీకటితోనే వచ్చి దిబ్బ కింద ఇసుకలో కూర్చుంది. తెల్లబట్టలు కట్టుకున్న మనుషులు ఒక్కొక్కరే తోటలోకి వచ్చారు. చేతుల్లో కొవ్వొత్తులున్నాయి. ఒక్కటీ వెలగలేదు. చీకట్లోనే తడుముకుంటూ తమవాళ్ల సమాధులు వెతుక్కుని, పక్కన కూర్చుని, గొంతు తగ్గించి పాడడం మొదలుపెట్టారు. ఏడాదికొక్కసారి వచ్చే పండగని వేలెడు లేని ప్రాణుల కోసం అలా చీకట్లో చేసుకుంటున్నవాళ్లని చూస్తే ఆమెకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

కొత్తగా సున్నం వేసిన మామ్మ భర్త బెంజమిన్ గారి సమాధి దగ్గర మాత్రం ఎవరూ లేరు. మామ్మ ఇంకా రాలేదు. రెబెకా ఆ సమాధి మీంచి చూపు తిప్పలేదు.

ఇంతలో ఇసుక కదిలింది. చిన్న తల ఒకటి పైకొచ్చింది. దాని వెనక ఇంకోటి, ఆ వెనక గంపెడు పిల్లలు. కానీ ఆ వేళ ఆకాశమంతా మబ్బు. సముద్రం బొగ్గులా ఉంది. పిల్లలు ఎటు పోవాలో తెలియక అక్కడక్కడే గుండ్రంగా తిరగసాగాయి. కొన్ని దిబ్బకేసి మళ్లాయి కూడా. చేత్తో ముట్టుకోవాలా వద్దా అని రెబెకా గిజగిజలాడిపోయింది.

“అదిగో, దీపం!” అన్నారెవరో తోటలోంచి.

అన్నంత పనీ చేసింది ముసలమ్మ! రెబెకా దిబ్బ మీదకి పరుగెత్తింది. బెంజమిన్ గారి సమాధి చీకట్లోనే ఉంది.

వెనక్కి తిరిగి చూసింది. పిల్లలన్నీ ఒక్కసారిగా తలలు తిప్పి, బుడిబుడి నడకలతో నీళ్లవైపు పోతున్నాయి. అలలకి అవతల వీరవెంకటరమణ పడవ ఆగి ఉంది. దాని అంచున నిలబడి మామ్మ లాంతరు పైకెత్తి పట్టుకుంది.

ఆఖరి పిల్లని అల తీసుకుపోయాక ఆ లాంతరు ఆరింది. సూర్యుడొచ్చాక తోటలో కొవ్వొత్తులన్నీ వెలిగాయి. పడవ ఒడ్డుకు చేరింది. రెబెకా మోకాళ్లలోతు నీళ్లలోకి వెళ్లి మామ్మ రెండు చేతులూ పట్టుకుంది. కళ్లనీళ్లు ఆగలేదు ఆమెకు.

“దీపం పెట్టి తీరతానన్నారు కదండీ మామ్మగారూ. ఈ తాబేళ్ల కోసం మీ ఆయన్ని చీకట్లో వదిలేశారా?”

“ఎందుకు వదిలేస్తానమ్మా? అన్నట్టే పెట్టేను,” అంది మామ్మ, తడిసిన చీర కుచ్చిళ్లు పిండుకుంటూ. “ఆ సమాధి ఖాళీదండి. చేపల వేటకెళ్లిన మనిషి ఈ సముద్రంలోనే ఉండిపోయేడు.”