ఎద్దు కొమ్ములు

ఆ మనిషి మళ్లీ వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

మమత చేతిలోని కత్తి ఆగిపోయింది.

నాగర్‌కర్నూల్‌లో ఇంట్లోనే కేకులు చేస్తుంది మమత. ఏ ఆకారం అడిగితే ఆ ఆకారంలో కేకు చెక్కి, పైన ఫాండెంట్ అనే చక్కెర ముద్దను పల్చగా వత్తి కప్పుతుంది. ఆ రోజు ఎద్దు కేకు. అదే గల్లీలో ఉండే పుష్పమ్మ మనవడి పుట్టినరోజుకు. వ్యవసాయం చేసే ఇల్లు, పిల్లవాడికి ఎద్దంటే పిచ్చి.

నిన్న కూడా ఆ మనిషి ఇలాగే వచ్చాడు. మాసిన గడ్డం, చేతిలో ఖాళీ సంచి. మమత ముఖం చూడడు. చేతులనే చూస్తాడు.

"ఎవరు కావాలె?" అడిగింది మమత.

"ఆ కొమ్ములల్ల ఏం పెట్టినవ్ తల్లీ?"

"నీకెందుకు? పో ఈడికెల్లి!"

"పుల్లలేనా?"

పుల్లలే. చక్కెర ముద్ద దానంతటది నిలబడదు. టూత్‌పిక్ పుల్ల చుట్టూ ముద్ద చుట్టి, మొనను ఎద్దు తలలో గుచ్చితేనే కొమ్ము నిలుస్తుంది.

ఇతనికెలా తెలుసు?

మమత కిటికీ మూసేసి, లోపలి గదిలోకి పోయి భర్త గిరిధర్‌కు ఫోన్ చేసింది.

"జల్ది రా. వాడు మళ్ల వచ్చిండు. నాకు భయమైతుంది."

"తలుపు పెట్టుకో. వస్తున్న."

తలుపు! పరుగెత్తుకొచ్చింది.

అప్పటికే అతను లోపల ఉన్నాడు. కేకు మీదికి వంగి ఉన్నాడు. ఒక కొమ్ము విరిచేశాడు, రెండోది విరుస్తున్నాడు. ముద్ద వలిచి, పుల్ల జేబులో వేసుకుంటున్నాడు.

మమత అరుపుకు గల్లీ అంతా వచ్చింది. కేకు కోసం వస్తున్న పుష్పమ్మ అందరికంటే ముందు వచ్చింది.

"ఓయమ్మో! నా మనవని కేకుల పుల్లలు తీస్కపోతుండు! బాణామతి చేసెతందుకే! పట్టుండ్రి వాన్ని!"

గిరిధర్ వస్తూనే చెంప మీద కొట్టాడు.

"ఎవడ్రా నువ్వు? ఎవరు పంపిండ్రు?"

అతను తిరిగి కొట్టలేదు. చేతులు జోడించాడు.

జేబు వెతికారు. అందులో ఇంకా చాలా పుల్లలున్నాయి. అన్నీ ఎర్రగానో పచ్చగానో ఎండిన చక్కెర అంటుకున్నవే.

జనం వెనక్కి జరిగారు.

"ఎన్ని ఇండ్లు ముంచినవ్రా!" అన్నారెవరో.

నెట్టుకుంటూ తీసుకుపోయి, ఊరి బయట దింపి రమ్మని ఆటోలో కూర్చోబెట్టారు. అప్పుడు అతను మమత వైపు తిరిగాడు.

"నన్ను ఎంతన్న కొట్టుండ్రి. పుల్లలు మాత్రం పెట్టకు తల్లీ."

ఆటో పోయింది. మమత పుష్పమ్మ వైపు తిరిగింది.

"పెద్దమ్మా, కొమ్ములు లేకుంటనే ఇస్త."

"కొమ్ముల్లేకుంటే మావోడు గాడిదంటడు!" అంది పుష్పమ్మ. "గా పాపపోనికి భయపడి పండుగ బందు పెట్టుకుంటమా? జర పసుపు ముట్టిచ్చి కొత్తయి పెట్టు, ఏం గాదు."

మమత కొత్త పుల్లలు తీసింది. పసుపులో ముంచింది. దేవుణ్ణి తలుచుకుని గుచ్చింది.

సాయంత్రం పుష్పమ్మ ఇంట్లో, మమత, గిరిధర్ కూడా ఉండగా, కేకు కోశారు. పిల్లవాడు కొమ్మే కావాలని ఏడ్చాడు.

"నీకు గాక ఇంకెవ్వరికి రా!" పుష్పమ్మే విరిచి నోటికిచ్చింది.

"పెద్దమ్మా, పుల్ల..." మమత మాట చప్పట్లలో వినబడలేదు.

పిల్లవాడు దగ్గాడు. రెండు చేతులతో గొంతు పట్టుకున్నాడు. పెదవి మీద నెత్తురు కనబడింది.

దవాఖానలో మూసిన తలుపు ముందు కూర్చున్నారు. పుష్పమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది.

"వాడే చేసిండు. వాని చేతబడే," అన్నాడు గిరిధర్.

మమత పసుపంటిన తన వేళ్లను చూసుకుంటోంది. లోపల పిల్లవాడి ఏడుపు వినబడుతుందేమోనని చెవులు రిక్కించింది. ఎంతసేపటికీ వినబడలేదు.

చివరికి సన్నగా వినబడింది.

నర్సు నవనీత బయటికొచ్చింది.

"పుల్ల దొరికింది. బతికిండు. ఇంకో జర లోపలికి పోయుంటే మా చేతుల లేకుండె."

పుష్పమ్మ గోడకు ఒరిగిపోయింది.

నవనీత మమత వైపు చూసింది.

"కేకు నువ్వే చేసినవా? మీ ఇంటికి ఒక గడ్డపాయన రాలేదా? గిట్ల బొమ్మల కేకులు చేసే ఇండ్లకు తిరుగుతుంటడు."

"వచ్చిండు." మమత వేళ్లు ముడుచుకుంది. "కొట్టి ఎల్లగొట్టినం."

నవనీత మమత పక్కన కూర్చుంది.

"ఆయన పేరు చెన్నయ్య. వనపర్తి. నేను ఆడ పనిచేసేటప్పుడు, గిట్లనే పుల్ల మింగిన పాపను భుజాన ఏస్కొని ఉరికొచ్చిండు. మేం ముట్టుకునే సరికే పాప పోయింది. అప్పటిసంది ఊరూరు తిరుగుతుండు."

"ఆయన బిడ్డనా అక్కా?"

నవనీత తల అడ్డంగా ఊపింది.

"కాదు. ఆ పాప కేకు చేసినోడు."