ఇరవయ్యో పేరు

"పందొమ్మిది," అంది బాలల హక్కుల ఆఫీసరమ్మ, చివరి బెంచీ దాకా వేలితో లెక్కపెట్టి. "రిజిస్టర్లో ఇరవై ఉన్నారే. ఇంకొకరేరి?"

ఈ ప్రశ్న వస్తుందని టీచరమ్మకి వారం నుంచీ తెలుసు.

అప్పటిదాకా అంతా సజావుగానే సాగింది. గోడకి కొత్త చార్టు అతికించారు. పిల్లలంతా గొంతు చించుకుని చదివారు: జీవించే హక్కు, చదువుకునే హక్కు, ఆడుకునే హక్కు. ఆఫీసరమ్మ మురిసిపోయి తలా ఒక పెన్సిలు పంచింది. పంచాక ఒకటి మిగిలింది. అక్కడొచ్చింది తంటా.

"నాలుగో తరగతి పిల్ల మేడం. మేనత్త వాళ్ళింటికి వెళ్ళింది."

"ఎన్నాళ్ళయింది?"

"రెండు వారాలు దాటింది."

ఆఫీసరమ్మ కళ్ళజోడు పైనుంచి చూసింది. చెడ్డ మనిషేం కాదు ఆవిడ. ఇటుక బట్టీల్లోంచి, హోటళ్ళ వంటగదుల్లోంచి ఎంతమంది పిల్లల్ని బడికి లాక్కొచ్చిందో లెక్కలేదు. ఇలాంటి మేనత్తలు ఆవిడకి కొత్త కాదు.

ఇరవైకి ఒక్కరు తగ్గినా బడి మూసేస్తారు. ఇవాళ ఆవిడ పుస్తకంలో వేసే సంఖ్యే ఈ ఏటికి లెక్క. మూసేస్తే ఈ చిన్న ప్రాణాలన్నీ హైవే దాటి పెద్ద బడికి పోవాలి. కంకర లారీలు పొద్దస్తమానం ఒకదాని వెనక ఒకటి దూసుకుపోయే రోడ్డది. వంతెన లేదు, సిగ్నలు లేదు. టీచరమ్మ పెట్టిన అర్జీలు ఏ బీరువాలో గురకపెడుతున్నాయో ఆ దేవుడికే తెలియాలి.

ముందు బెంచీలో ఒకటో తరగతి బుడ్డోడు ఉన్నాడు. ఆ పిల్ల తమ్ముడని రిజిస్టర్లోనే ఉంది. ఆఫీసరమ్మ వాడి ముందు వంగింది.

"అక్క ఏదిరా కన్నా?"

వాడు టీచరమ్మ మొహంలోకి చూశాడు. "మేనత్త వాళ్ళింట్లో ఉంది. వచ్చే వారం వస్తుంది."

పొల్లుపోకుండా అప్పజెప్పాడు. మూడు రోజులు ఒళ్ళో కూర్చోబెట్టుకుని నేర్పింది టీచరమ్మే మరి. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఇంత పాడు పాఠం ఎవరికీ చెప్పలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది. మిగతా పిల్లలు తలలు వంచుకుని కొత్త పెన్సిళ్ళు చెక్కుకుంటున్నారు.

"పదండి, వాళ్ళింటికెళ్దాం," అంది ఆఫీసరమ్మ.

ఇల్లు రెండు సందుల అవతలే. తల్లి కుట్టుమిషను ముందు ఊరికే కూర్చుని ఉంది. తండ్రి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఎవరొచ్చారని కూడా చూడలేదు.

"ఏమ్మా, మీ అమ్మాయేది?"

"మేనత్త దగ్గరుందండీ."

ఆఫీసరమ్మ కళ్ళతోనే ఇల్లంతా సోదా చేసింది. గూట్లో పుస్తకాల సంచి. గుమ్మం పక్కన పిల్ల చెప్పులు.

"ఒట్టి కాళ్ళతో వెళ్ళిందా?"

తల్లి ఆ చెప్పుల వైపు చూసింది. "కొత్తవి కొనిచ్చామండీ."

"పుస్తకాలూ ఇక్కడే ఉన్నాయే! నాకు కథలు చెప్పకు. ఎవరింట్లో పనికి పెట్టావు?"

తల్లి లేచి వెళ్ళి ఆ చెప్పులు జతగా సర్దింది. ఆఫీసరమ్మకి ఒళ్ళు మండిపోయింది.

"కన్నదానివి, నీకు జాలి లేదూ? అంత మగాడు పట్టపగలు ముసుగుతన్ని పడుకుంటే, పసిదాన్ని పనికి తోలతారా? సిగ్గుండాలి!"

మంచం కిర్రుమంది. తండ్రి లేచి కూర్చున్నాడు. ఏదో అనబోయాడు. ఒక్క మాట జారితే అంతా అయిపోయినట్టే.

"నువ్వూరుకో," అంది తల్లి. అతను మళ్ళీ దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు.

"తాగున్నాడు," అంది ఆఫీసరమ్మ, గొంతు తగ్గించకుండానే.

టీచరమ్మ ఇక ఓర్చుకోలేకపోయింది. "వదిలేయండి మేడం, నేను చూసుకుంటాను."

"మీలాంటి మెతకవాళ్ళ వల్లే పిల్లలు ఇలా చేజారిపోతున్నారు."



ఆఫీసరమ్మ కాయితం తీసి గబగబా రాసి, పైకి చదివింది. "మా అమ్మాయిని సోమవారం నుంచి తప్పకుండా బడికి పంపుతాను. ఎక్కడా పని చేయించను. మాట తప్పితే ఏ శిక్షకైనా సిద్ధం. ఊఁ, సంతకం పెట్టు."

తల్లి కాయితం అందుకుంది. మొదటినుంచి చివరిదాకా చదువుకుంది. కూతురి పేరు దగ్గర వేలు ఆగిపోయింది.

"పంపుతానండీ," అంది. సంతకం పెట్టింది.

ఆఫీసరమ్మ చల్లబడింది. మిగిలిన పెన్సిలు తల్లి చేతిలో పెట్టింది. "ఇది దానికివ్వు. రేపు పెద్దదయ్యాక నీకు చేతులెత్తి దణ్ణం పెడుతుంది, చూస్తూండు." పుస్తకంలో ఇరవై అని వేసి, బడి నడపవచ్చని రాసి, జీపెక్కి వెళ్ళిపోయింది.

టీచరమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"బడి ఉంటుందిగా టీచరమ్మా?" అంది తల్లి.

"ఉంటుందమ్మా."

హైవే దాటబోయి ఆ పిల్ల లారీ కింద పడి చనిపోయి ఆ రోజుకి పదిహేడు రోజులు.