మొదటి తట్ట

కూడబలుక్కుని నిదానంగా రాసేదాన్ని. అక్షరాల్లో తప్పులుంటే మన్నించండి.

ఊరంతా కలిసి కట్టుకున్న కొత్త బడి గోడ పెచ్చులూడుతోంది.

"మొగుడు పోయినదానివి, మొదటి తట్ట ఇసక నువ్వు పోసినావు. నిలుస్తుందా?" అన్నాడు ఊరి పెదకాపు పోలమ్మతో. "మళ్లీ కడతాం. ఈసారి నువ్వు పనికి రావద్దు."

"పనికి రాని ఇంటి బిడ్డకి బడిలో చోటు లేదంటిరే. నా మనవరాలి గతేంది?" అంది పోలమ్మ.

ఆమె ఊడిన పెచ్చు అందించింది.

"నాలిక మీద పెట్టుకో, అన్నా. సముద్రపు ఇసక. అంతా ఉప్పే, అందుకే ఊడుతోంది."

"తెలుసు లేమ్మా. ఉప్పు వల్లంటే తప్పు ఇసక మోసిన ఊరందరిదీ అవుతుంది. నీ వల్లంటే నీ ఒక్కదానిదే."

అప్పటికే ఆడోళ్లు తట్టలెత్తుకొని, మళ్లీ ఇసకకని సముద్రపు ఒడ్డుకే పోతున్నారు. పెదకాపు వాళ్లను ఆపలేదు.

— వెంకటశేషమ్మ, 66 ఏళ్లు, ఇప్పుడుండేది సూళ్లూరుపేట.