సీసాడు నీళ్లు

“ఎల్లుండి రిపోర్టు వస్తుంది. ఫెయిలైతే ఆ పూటే చెరువు పూడ్చేస్తాం. తర్వాత నన్ను తిట్టుకోవద్దు,” అంటూ ఖాళీ సీసా చెరువులో మొక్కలు పెంచే మాలి చేతిలో పెట్టాడు మున్సిపాలిటీ ఆఫీసరు. “నీళ్లు మీరే పట్టి ల్యాబ్‌లో ఇచ్చేయండి. నేను తెప్ప ఎక్కను బాబూ, ఈత రాదు.”

గట్టు మీద రెండు పొక్లెయిన్లు కాచుక్కూర్చున్నాయి. వీధిలో ఏ ఇంట చూసినా పిల్లలకి వాంతులు, విరేచనాలు. అంతా ఈ చెరువు పాపమేనని జనం సంతకాలు పెట్టారు. మాలి కూతురు కూడా వారం నుంచి మంచం దిగలేదు.

చెరువు నిండా అతనూ, అక్కా కలిసి కట్టిన తెప్పలు. వాటి మీద తుంగ, రెల్లు. మొక్కల వేళ్లు జడల్లా నీళ్లలోకి దిగి మురికిని పీల్చేస్తాయి. మూడేళ్ల చాకిరీ.

“ఏంట్రా, గుటకలు మింగుతున్నావ్?” మోకాలి లోతు నీళ్లలో నిలబడి అక్క నవ్వింది. “నా కాలివేళ్లు చూడు. గోళ్లు తీసుకోలేదని కూడా తెలిసిపోతోంది!”

“కంటికి కనబడనివి ఎన్నుంటాయో అక్కా. ల్యాబ్ వాళ్లు కాదంటే?”

“ఈ మొక్కలకున్న ధైర్యం నీకు లేదు. ఇటివ్వు.” తనే సీసా ముంచి, మూత బిగించి ఇచ్చింది.

అతను స్కూటరెక్కాడు. నోరు పిడచకట్టుకుపోయింది. సగం దారిలో బండి ఇంటివైపు తిప్పాడు. తిన్నగా వంటింట్లోకి వెళ్లి కొళాయి తిప్పాడు.

“అప్పుడే వచ్చేశారేం?” పాప మంచం దగ్గర్నుంచి భార్య అడిగింది.

“దాహమేసింది.”

అరగంటలో సీసా ల్యాబ్‌కి చేరింది.

మూడోరోజు పొద్దున్నే ఆఫీసరు గట్టు మీదే కాగితం చదివాడు. “ఫెయిల్. మురుగు కలిసిన నీళ్లు. క్రిములు పదింతలు ఎక్కువున్నాయి.”

అక్క కాగితం లాక్కుంది. “అబద్ధం! ఒరేయ్, నువ్వైనా చెప్పరా వీళ్లకి!”

అతను ఆ కాగితం వంకే చూస్తూ ఒకడుగు వెనక్కి వేశాడు. ముఖాన కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు.

పొక్లెయిన్ కదిలింది. మొదటి తెప్ప ఫెళ్లున విరిగింది. అక్క అడ్డం పడింది. ఇద్దరు మనుషులు ఆమెను పక్కకి ఈడ్చారు. మాలి అటు చూడనైనా చూడలేదు. వెనక్కి తిరిగి ఇంటివైపు పరుగు లంకించుకున్నాడు.

“పారిపోతావేంరా, పిరికి సన్నాసీ!” అక్క గొంతు వీధి మలుపు దాకా వెంటాడింది.

ఇంట్లో భార్య పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని గ్లాసు పెదాలకి ఆనిస్తోంది. “తాగమ్మా, నా తల్లి కదూ. డాక్టరుగారు నీళ్లు బాగా పట్టించమన్నారు.”

అతను ఒక్క ఊపున గ్లాసు ఎగరగొట్టాడు.

“మీకేమైనా పిచ్చి పట్టిందా? ఇప్పుడే కొళాయి దగ్గర పట్టుకొచ్చిన మంచినీళ్లండీ!”

అక్క ముంచి ఇచ్చిన చెరువు నీళ్లు పారబోసి, పరీక్ష తప్పకూడదని మొన్న అతను సీసా నింపింది ఆ కొళాయి కిందే.