గడియారం స్విచ్చి

"బయటి గోడకే పెట్టు సైదావలీ, నా చేతికందేట్టు," అంది అత్త వెంకటశేషమ్మ, కోడలి గదికి స్విచ్చి బిగించడానికొచ్చిన కరెంటు పనివాడితో.

"లోపలే పెట్టన్నా. చదువుకునేది నేను," అంది కోడలు చెంచులక్ష్మి. ఈ వేసవిలో ఆమె ప్రైవేటుగా మెట్రిక్కు కూర్చోవాలి.

"లోపలుంటే మళ్ళీ మళ్ళీ తిప్పుకుంటా కూర్చుంటావు. చదివి కలెక్టరవుతావా?"

కీ తిప్పితే దీపం పెట్టిన గడువుదాకా వెలిగి, దానంతటదే ఆరిపోయే స్విచ్చి అది. భర్త పద్మనాభయ్య మద్రాసు నుంచి తెచ్చాడు. తను చదువుతూ నిద్రపోయినా దీపం ఆరిపోతుందని తెచ్చాడనుకుని చెంచులక్ష్మి మురిసింది.

"ఎంతసేపటికి పెట్టమంటారయ్యా?" అడిగాడు సైదావలి.

"పావుగంట. పక్క వేసుకోడానికి చాలు," అన్నాడు పద్మనాభయ్య. తర్వాత అందరికీ వినపడేట్టు నింపాదిగా చెప్పాడు.

"లోపలైనా బయటైనా ఒకటే అమ్మా. నీ కోడలు రాసిచ్చిన పరీక్ష అర్జీ నా పెట్టెలోనే ఉంది. పంపను."