పదకొండు గంటల రీడింగ్

"మూడు వందల యాభై ఎనిమిది," అంది రుక్కమ్మ ఫోన్లో.

"జర మంచిగ చూడు అత్తమ్మా. ఉట్టి యాభై ఎనిమిదేమో!"

"నా కండ్లు మంచిగనే ఉన్నయి. మూడు, అయిదు, ఎనిమిది. అయిపాయె?"

ఫోన్ పెట్టేసింది.

ఎయిర్‌పోర్టు కార్గో ఆఫీసులో మనీషా తల పట్టుకుని కూర్చుంది. పిల్లికి షుగర్ రావడమే వింత. ఇన్సులిన్ ఇచ్చేకొద్దీ అది తగ్గకపోవడం ఇంకో వింత.

ఆ పిల్లి పేరు కూడా కార్గోనే. ఆరేళ్ల కిందట, ఎయిర్‌పోర్టు కార్గో షెడ్డులో, అట్టపెట్టెల మధ్య అరుస్తూ దొరికింది. శంషాబాద్‌లోని తన ఇంటికి తెచ్చుకుంది మనీషా. అదంటే ఆమెకు ప్రాణం. పోయిన నెల అది ఉన్నట్టుండి బక్కచిక్కిపోతే ఆరాంఘర్ దగ్గర పశువుల డాక్టర్‌కు చూపించింది. షుగర్ అన్నాడు.

"పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి ఇన్సులిన్ సూది వేయాలమ్మా. మధ్యలో చెవి అంచున చిన్నగా గుచ్చి, ఒక్క రక్తం చుక్క గ్లూకోమీటర్‌లో పెట్టి చూడాలి. ఆ అంకెను బట్టే మందు పెంచడం, తగ్గించడం. అంకె తప్పితే దీని ప్రాణం మీదికొస్తుంది," అని మరీ మరీ చెప్పాడు.

పొద్దున అయిదుకు డ్యూటీకి పోయే ముందు ఒక సూది, సాయంత్రం అయిదుకు వచ్చాక ఒక సూది మనీషానే వేస్తోంది. చిక్కంతా పదకొండు గంటల రీడింగ్‌తోనే. ఆ వేళకు ఆమె డ్యూటీలో ఉంటుంది. భర్త జగదీశ్ ట్యాక్సీ ఏ రోడ్డు మీద ఉంటుందో ఆయనకే తెలియదు. ఇక మిగిలింది అత్త రుక్కమ్మ.

రెండు రోజులు సెలవు పెట్టి మరీ నేర్పించింది. అత్త పిల్లిని పట్టుకుంది, కోడలు గుచ్చింది. పిల్లి అరిచిన ప్రతిసారీ అత్త కూడా అరిచింది.

"బర్లకు రోగమొస్తే గూడ గింత సేవ చేయలే. పిల్లికి షుగరేంది, సూదులేంది!" అని విసుక్కుంది. అయినా సరేనంది. మూడో రోజు నుంచి పదకొండు కొట్టగానే ఠంచనుగా ఫోన్ చేసి అంకె చెబుతోంది.

మూడు వందల నలభై. మూడు వందల అరవై. ఆ అంకెలు డాక్టర్‌కు చెబితే ఒక యూనిట్ రెండు చేశాడు. రెండు మూడు చేశాడు.

"ఇంట్లో ఎవరో దీనికి తీపి పెడుతున్నారండీ," అన్నాడు చివరికి.

ఎవరో ఏమిటి? ఇంట్లో రోజంతా ఉండేది ఒక్కరే. అందరూ తిన్నాక పాలబువ్వ కలిపి పిల్లి ముందు పెట్టడం రుక్కమ్మకు ఏళ్లనాటి అలవాటు. మనీషా పాలగిన్నె దాచింది. బియ్యం డబ్బా వెనక వెతికింది. పిల్లి మూతి కూడా వాసన చూసింది. ఏమీ దొరకలేదు. దొరక్కపోయేసరికి కోపం రెట్టింపయింది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందంటారు. ఈ ఇంట్లో కళ్లు మూసుకున్నది పిల్లి కాదు, అత్తే అనుకుంది.

"నిజం చెప్పు అత్తమ్మా. పాలు పోస్తున్నవా?"

"గిన్నెలు గూడ దాస్తివి. దేంట్ల పొయ్యాలె?"

"మరి షుగర్ ఎందుకు తగ్గుతలేదు?"

"నన్నడిగితే నాకేం ఎరుక? గా మిషన్‌నే అడుగు."

రుక్కమ్మ చెంబెడు నీళ్లు గటగటా తాగి కూలర్ ముందు కూలబడింది. మే నెల ఎండ అలా ఉంది.

"అది సస్తే నీకు పీడ పోతది. అంతే గద!" అనేసింది మనీషా.

రుక్కమ్మ ఖాళీ చెంబు పట్టుకుని మళ్లీ నీళ్లకు లేచింది. అది చూసి మనీషాకు ఇంకా మండింది. మర్నాడు తెల్లవారి డాక్టర్ మళ్లీ పెంచి చెప్పినట్టే నాలుగు యూనిట్లు ఎక్కించి డ్యూటీకి పోయింది.

తొమ్మిదికే ఫోన్ వచ్చింది.

"మనీషా, పిల్లి పడిపోయింది. కాళ్లు కొట్టుకుంటున్నది. జల్ది రా బిడ్డా!"

ఇద్దరూ ఆటోలో ఆరాంఘర్‌కు పరుగెత్తారు. దారి పొడవునా రుక్కమ్మ పిల్లిని ఒడిలోంచి దించలేదు. డాక్టర్ పరీక్ష చేశాడు. ముప్పై ఆరు. గబగబా గ్లూకోజ్ ఎక్కించాడు. అరగంటకు కార్గో కళ్లు తెరిచింది. మనీషా గోడకు ఆనుకుని ఏడ్చేసింది.

"షుగర్ ఇంత పడిపోయిందేంటండీ? రోజూ మూడు వందల యాభై అనే కదా మందు పెంచాను! ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదు," అన్నాడు డాక్టర్.

మనీషా ఇంటి నుంచి బ్యాగులో వేసుకొచ్చిన తమ మిషన్ తీసి ఇచ్చింది. ఆయన పిల్లి రక్తం మళ్లీ తీసి రెండింట్లోనూ వేసి చూశాడు. తన మిషన్‌లో ఎంతో దీంట్లోనూ అంతే. మిషన్‌లో దోషం లేదు.

"అంటే నోటికొచ్చిన అంకె చెప్పినవా అత్తమ్మా?"

డాక్టర్ మీట నొక్కి మిషన్‌లో దాచి ఉన్న పాత అంకెలు చూశాడు. రోజుకొక్కటి చొప్పున, పదకొండు గంటలవి, అన్నీ ఉన్నాయి. రుక్కమ్మ ఒక్కటి కూడా తప్పు చెప్పలేదు.

డాక్టర్ పిల్లి చెవులు రెండూ తిప్పి తిప్పి చూశాడు.

"రోజూ గుచ్చుతున్నారంటున్నారు. నేనిప్పుడు గుచ్చింది తప్ప ఒక్క సూది గుర్తు కూడా లేదేంటమ్మా?"

రుక్కమ్మ తల దించుకుంది.

"నోరులేని జీవానికి సూది గుచ్చ నాకు చెయ్యి రాలే బిడ్డా, మిషన్‌కు నెత్తురు చుక్కనే గద కావాలె అని రోజు నా వేలే గుచ్చుకున్న."